ఆతిథేయి లేని ఇల్లు

దేశాల మధ్య సాంస్కృతిక సంబంధాలను గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పెద్ద మాటలనే ఆశ్రయిస్తాము. ఒప్పందాలు, ఉత్సవాలు, ప్రతినిధి వర్గాల పర్యటనలు, విద్యార్థి వేతనాలు - ఇవన్నీ అవసరమైనవే. అయితే వేతనం అందుకొని పరదేశం చేరిన విద్యార్థి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఎవరి పొయ్యి మీద తన అన్నం వండుకుంటాడు, పక్కగది మనిషితో ఏ భాషలో తగవు పడతాడు అన్న ప్రశ్నలకు ఒప్పంద పత్రాలలో చోటుండదు. వాటికి సమాధానం వెదకవలసింది కథలలోను, నవలలలోను, చలనచిత్రాలలోను. ఫ్రెంచి దర్శకుడు సెద్రిక్ క్లపీష్ 2002లో రూపొందించిన 'లోబెర్జ్ ఎస్పాన్యోల్' అటువంటి సమాధానం చెప్పబూనిన చిత్రం. బార్సెలోనా నగరంలో ఒకే ఇంటిని పంచుకొని ఒక సంవత్సరం గడిపిన వివిధ దేశాల విద్యార్థుల కథ అది. యూరపులో విశేషాదరణ పొంది, 2005లోను, 2013లోను రెండు ఉత్తరభాగాలకు దారి తీసిన ఈ చిత్రాన్ని తేలికపాటి వినోదంగా చూసి మరచిపోవచ్చు. కాని బహుభాషా సమాజంలో పుట్టి పెరిగిన భారతీయ ప్రేక్షకుడికి ఇందులో వినోదాన్ని మించిన ప్రశ్నలు కొన్ని ఎదురవుతాయి.

ముందుగా పేరును గురించి. ఆ ఫ్రెంచి మాటలకు 'స్పెయిన్ దేశపు సత్రం' అని అర్థం. ఎవరు ఏది తెచ్చుకొంటే వారికి అదే దొరికే చోటును ఫ్రెంచి వారు ఆ జాతీయంతో వ్యవహరిస్తారు. మన సత్రం దీనికి పూర్తిగా భిన్నమైనది. కాశీలోనైనా, మన ఊరి పొలిమేరలోనైనా సత్రం వెనుక ఒక దాత ఉంటాడు. బాటసారి చేతులు కడుక్కొని విస్తరి ముందు కూర్చుంటే చాలు. 'సత్రం భోజనం, మఠం నిద్ర' అన్న మన నానుడిలో కాస్త ఎగతాళి ఉన్నా, పెట్టేవాడొకడు, తినేవాడొకడు అన్న ఏర్పాటు మాత్రం అందులో స్పష్టంగా ఉంది. ఫ్రెంచి వారి స్పెయిన్ సత్రంలో పెట్టేవాడు లేడు. అందరూ బాటసారులే. క్లపీష్ చిత్రానికి ఈ పేరు అలంకారం కాదు, మూలసూత్రం. ఆతిథేయి లేని ఇంట్లో మనుషులు ఎట్లా కలిసి బతుకుతారన్నదే ఆయన తీసుకున్న ప్రశ్న.

ఈ ప్రశ్నలోని కొత్తదనం తెలియాలంటే పరదేశంలో చదువుకొన్న మన పూర్వులు ఎటువంటి ఇళ్లలో తలదాచుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1888లో లండను చేరిన పందొమ్మిదేళ్ల మోహన్‌దాస్ గాంధీ తన ఆత్మకథలో ఆనాటి ఆకలిని గురించి చెప్పుకున్నారు. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వెళ్లిన ఆ యువకుడికి ఏమి వండి పెట్టాలో బస ఇచ్చినవారికి పాలుపోలేదు. రొట్టె రెండు మూడు ముక్కలకు మించి అడగడానికి ఆయనకు సిగ్గు. తరువాత బస చేసిన ఇంటి యజమానురాలి కుమార్తెలు ఇద్దరూ బలవంతపెట్టి మరొక ముక్క వడ్డించేవారు. కడుపు నిండకపోయినా నోరు విప్పి అడగలేని సంకోచం ఆ ఘట్టంలో ఉంది. చివరకు ఆయన గది అద్దెకు తీసుకొని, స్వయంగా పొయ్యి వెలిగించుకొని, ఓట్ల జావ కాచుకొన్న నాడు గాని ఆ సంకోచం తీరలేదు. ఆ తరువాతనే బేస్‌వాటర్ పేటలో డాక్టర్ ఓల్డ్‌ఫీల్డ్ అధ్యక్షుడుగా, తాను కార్యదర్శిగా శాకాహార సంఘాన్ని నడిపే చొరవ ఆయనకు వచ్చింది. ఇతరుల బల్ల దగ్గర కూర్చున్నంత కాలం గాంధీ అతిథి. సొంత పొయ్యి అమరిన తరువాత ఆయన ఆ పేటలో ఒక పౌరుడు.

తెలుగు పాఠకుడికి మరింత దగ్గరివాడు మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం'. మొగల్తూరు నుంచి బయలుదేరి, మద్రాసులో కొనుక్కొన్న టోపీ ఆడవారిదని తెలియక నెత్తిన పెట్టుకొని, నవ్వులపాలై, ఎట్టకేలకు ఎడిన్‌బరో చేరిన ఆ అమాయకుడు తెలుగువారందరికీ చుట్టమే. ఆ నవలలోని హాస్యమంతా ఒక అసమానత మీద ఆధారపడి ఉంది. నియమాలు ఎదుటివారివి. వాటిని ఉల్లంఘించి నవ్వులపాలయ్యేవాడు మనవాడు. బల్ల మీద ఏ చెంచా ఎప్పుడు ఎత్తాలో, ఇంటావిడ ఎదుట ఎట్లా మసలుకోవాలో పార్వతీశం నేర్చుకోవలసిందే గాని, పార్వతీశం రీతి ఇంటావిడ నేర్చుకోవలసిన అవసరం లేదు. ఆయనలో స్వాభిమానానికి లోటు లేదు. ఎదుటివారు సజ్జనులే కావచ్చు. అయినా ఆ ఇంట ఆతిథేయి ఎవరో, అతిథి ఎవరో ముందే నిర్ణయమైపోయింది. సామ్రాజ్యం కొనసాగుతున్న కాలంలో అది మరొక విధంగా ఉండడానికి వీలు కూడా లేదు.

ఈ నేపథ్యంలో క్లపీష్ చిత్రాన్ని చూడాలి. కథానాయకుడు గ్జావియే పారిస్‌లో ఆర్థికశాస్త్ర విద్యార్థి. స్పానిష్ భాష, స్పెయిన్ ఆర్థిక వ్యవహారాలు తెలిస్తే ప్రభుత్వ కార్యాలయంలో మంచి కొలువు దొరకగలదని తండ్రి స్నేహితుడైన ఒక అధికారి సలహా ఇస్తాడు. 1987లో ప్రారంభమైన ఎరాస్మస్ పథకం క్రింద అతడు ఒక సంవత్సరం బార్సెలోనాలో చదవడానికి దరఖాస్తు పెట్టుకొంటాడు. ఆ దరఖాస్తుకు జత చేయవలసిన పత్రాల జాబితాను ఉద్యోగిని ఏకరువు పెడుతుండగా, ఒక్కొక్క కాగితమూ తెర మీద ప్రత్యక్షమై కథానాయకుడిని కప్పివేస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయం ఉన్నవారు ఏ దేశం వారైనా ఈ దృశ్యం చూసి నవ్వకుండా ఉండలేరు. అనేక దేశాల నుంచి పాఠాలు నేర్చుకొన్న మహాపండితుడు ఎరాస్మస్ పేరు పెట్టుకొన్న పథకానికి గుమ్మం ఇన్ని కాగితాలతో కట్టినది కావడంలోని వ్యంగ్యాన్ని దర్శకుడు వ్యాఖ్యానం లేకుండా చూపాడు.

బార్సెలోనాలో దిగిన గ్జావియే మొదట విమానాశ్రయంలో పరిచయమైన ఒక ఫ్రెంచి వైద్యుడి ఇంట్లో అతిథిగా ఉంటాడు. తరువాత ఒక ఫ్లాట్‌లో గది ఖాళీగా ఉందని తెలిసి వెళతాడు. అక్కడ అప్పటికే ఇంగ్లండు అమ్మాయి వెండీ, జర్మన్ తోబియాస్, ఇటాలియన్ అలెస్సాండ్రో, డెన్మార్క్ వాడు లార్స్, స్పెయిన్ అమ్మాయి సోలెదాద్ ఉన్నారు. బెల్జియం నుంచి వచ్చిన ఇసబెల్ తరువాత చేరుతుంది. ఆ పాత్ర ధరించిన సెసిల్ ద ఫ్రాన్స్‌కు ఫ్రాన్సులో ఉత్తమ నూతన నటిగా సెజార్ పురస్కారం లభించింది.

గది కోసం వచ్చిన గ్జావియేను ఆ ఇంటివారు అందరూ ఒకచోట చేరి ప్రశ్నిస్తారు. అయిదేళ్ల తరువాత నీవేమై ఉంటావనుకొంటున్నావని తోబియాస్ కొలువు పరీక్షలో అడిగినట్లు గంభీరంగా అడుగుతాడు. మిగిలినవారికి అది నచ్చదు. అతడి ఎదుటనే తమలో తాము వాదులాట మొదలుపెడతారు. ఆ వాదులాట చూసి గ్జావియేకు ఆ ఇంటి మీద మోజు కలుగుతుంది. ఇక్కడే చిత్రం తన విషయాన్ని పట్టుకొన్నది. ఐకమత్యాన్ని చూసి కాక, బాహాటంగా పోట్లాడుకోగల స్వేచ్ఛను చూసి అతడు ఆ ఇంటిని కోరుకొన్నాడు. అతిథి పోట్లాడలేడు. రెండవ రొట్టెముక్క అడగడానికే సిగ్గుపడిన మనిషి, గిన్నె కడగలేదని ఎవరిని నిలదీయగలడు? తగవులాడే హక్కు ఉన్నప్పుడే ఆ ఇల్లు మనది.

అయితే తగవును తగవుగా ఉంచితే ఇల్లు నిలవదు. అందుకు కొన్ని నియమాలు కావాలి. ఆ నియమాలు ఎవరి సంప్రదాయం నుంచీ రాక, అవసరం నుంచి పుట్టడమే ఈ చిత్రంలోని మంచి భాగం. రిఫ్రిజిరేటరులో ఎవరి అర వారిది. స్నానాల గది మురికిని గురించి, కడగని గిన్నెలను గురించి విసుగు ఒకరిది, ఉపేక్ష మరొకరిది. వీటన్నింటిలో నాకు ఎన్నదగినదిగా తోచినది టెలిఫోను పక్కన గోడకు అంటించిన ఒక కాగితం. ఇంటిలోని వారి కోసం వారి వారి దేశాల నుంచి తల్లిదండ్రులు ఫోను చేస్తారు. ఎత్తినవారికి ఆ భాష రాదు. కనుక 'అతడు ఇంట్లో లేడు, సాయంత్రం వస్తాడు' అన్న మాటలను ఒక్కొక్క భాషలో ఎట్లా పలకాలో ఆ కాగితం మీద వ్రాసి పెట్టుకొన్నారు. ఒకసారి గ్జావియే తల్లి ఫోను చేసినప్పుడు వెండీ ఆ కాగితం చూసి కూడబలుక్కొంటూ సమాధానం చెబుతుంది. విశ్వవిద్యాలయానికి ఫ్రెంచి వారు వాడే పొట్టి మాట ఆమె ఇంగ్లీషు చెవికి అసభ్యంగా వినిపించి ఆమె తెల్లబోతుంది. హాలులో నవ్వులు పుట్టించే ఘట్టం ఇది.

ఆ నవ్వు ఆగిన తరువాత ఆ కాగితాన్ని గురించి ఆలోచించాలి. అందులో వ్యాకరణం లేదు, సాహిత్యం లేదు, భాషాభిమానం లేదు. ఉన్నదల్లా ఎదుటివాడి తల్లి కంగారు పడకూడదన్న మర్యాద. పక్కగదివాడి భాష మొత్తం నేర్చుకోవడం ఎవరికీ సాధ్యం కాకపోవచ్చు. అతడి ఇంటివారికి ఒక్క వాక్యం చెప్పగలగడం అందరికీ సాధ్యమే. పార్వతీశం కాలంలో ఒకవైపే సాగిన నేర్పు ఇక్కడ అన్ని వైపులా సాగుతున్నది. ఈ చిత్రం మనకు ఇచ్చిన అసలైన ప్రతిపాదన ఇదే. సంస్కృతుల సమ్మేళనం అనే మాటకు ఇంతకంటే క్లుప్తమైన, ఆచరణయోగ్యమైన నిర్వచనం నాకు చలనచిత్రాలలో తారసపడలేదు.

జాతులను గురించిన స్థిరాభిప్రాయాలను చిత్రం ఎట్లా నిర్వహించిందన్నది పరిశీలించవలసిన మరొక విషయం. వెండీని చూడడానికి ఆమె తమ్ముడు విలియమ్ వస్తాడు. నోటికి అదుపు లేనివాడు. జర్మనులంటే క్రమశిక్షణ పిచ్చివారని, స్పెయిన్ వారంటే ఇంతేనని ప్రతివారినీ ఒక్కొక్క బొమ్మగా మార్చి హేళన చేస్తాడు. తోబియాస్ ఎదుట హిట్లరును అనుకరించే స్థాయికి అది వెళుతుంది. తోబియాస్ దానిని సహించలేకపోతాడు. తాను పుట్టకముందు జరిగిన ఘోరానికి తనను ముద్దాయిగా నిలబెట్టిన హాస్యం అతడికి హాస్యం కాదు. ఈ ఘట్టంలో దర్శకుడి సంయమనం మెచ్చదగినది. విలియమ్‌ను దుర్మార్గుడుగా తీర్చకుండా, ఏమీ ఆలోచించని కుర్రవాడుగా మాత్రమే చూపాడు. జాతివిద్వేషం చాలామందిలో మొదట అజ్ఞానంగానే ప్రవేశిస్తుందని మన అనుభవం కూడా చెబుతుంది.

కాని ఇక్కడే ఒక లోపాన్ని కూడా ఎత్తి చూపక తప్పదు. విలియమ్ చేసిన పనిని దర్శకుడు ఖండించాడే గాని, తాను మాత్రం దాని నుంచి పూర్తిగా బయటపడలేదు. క్రమం తప్పని జర్మన్, చిందరవందరగా ఉండే ఇటాలియన్, శుభ్రత కోసం తపించే ఇంగ్లీషు అమ్మాయి - ఈ పాత్రల మూసలు విలియమ్ హేళనలోని మూసల కంటే ఎంతో దూరం లేవు. ఇసబెల్, వెండీ, కొంతవరకు తోబియాస్ మాత్రమే మనుషులుగా మన మనస్సులో నిలుస్తారు. లార్స్, అలెస్సాండ్రో, సోలెదాద్ తమ దేశాల పేర్లకు ప్రతినిధులుగానే మిగిలిపోతారు. దేశానికి ఒకరు చొప్పున ఏరి కూర్చిన ప్రతినిధి వర్గాలలో కనిపించే దోషమే ఇది. మనిషి కంటే ముందు అతడి దేశం కనిపిస్తుంది. నిజమైన ఇంట్లో కొన్ని వారాలు గడిస్తే జరిగేది ఇందుకు విరుద్ధం. దేశం వెనుకకు పోయి మనిషి ముందుకు వస్తాడు.

కథ చివరి భాగంలో ఒక పరుగు ఉంది. వెండీ తన దేశంలోని స్నేహితుడికి నమ్మకద్రోహం చేస్తున్న సమయానికి అతడు చెప్పకుండా ఊడిపడతాడు. ఆ సంగతి తెలిసి ఇంటివారందరూ నగరం నలుమూలల నుంచి ఆమెను కాపాడడానికి పరుగెత్తుకు వస్తారు. చివరకు అందరిచేతా చీవాట్లు తిన్న విలియమే తన పరువును పణంగా పెట్టి అక్కను గట్టెక్కిస్తాడు. దృశ్యంగా ఇది ఎంతో చురుకైనది. విడివిడి అరలు కలిగిన ఇల్లు ఒక కుటుంబమైందని దర్శకుడు చెప్పదలచాడు. అయితే వారి ఐకమత్యం ఒక అబద్ధాన్ని దాచడానికి ఉపయోగపడిందన్న స్పృహ చిత్రానికి లేదు. అదే విధంగా, నిలువ నీడ లేనప్పుడు ఆశ్రయమిచ్చిన వైద్యుడి భార్యతోనే గ్జావియే రహస్య సంబంధం పెట్టుకొంటాడు. దానిని యౌవన చాపల్యంగానే చిత్రం దాటవేస్తుంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమన్న మాట మన భాషలో ఉండడం ఊరికే కాదు. ఆతిథేయి లేని ఇంటి నీతిని శ్రద్ధగా నిర్మించిన దర్శకుడు ఆతిథేయి ఉన్న ఇంటి నీతిని అంత తేలికగా వదిలివేయడం విచారకరం.

ఇక భారతీయ ప్రేక్షకుడిని ప్రత్యేకంగా ఆపివేసే ఘట్టం తరగతి గదిలో వస్తుంది. బార్సెలోనా కతలోనియా ప్రాంతానికి రాజధాని. అక్కడి భాష కతలాన్. ఫ్రాంకో పాలనలో ప్రభుత్వ జీవితం నుంచి, పాఠశాలల నుంచి బహిష్కృతమైన ఆ భాష 1978 రాజ్యాంగం తరువాత అధికార భాషగా తిరిగి నిలదొక్కుకొంది. చిత్రంలోని ఆచార్యుడు కతలాన్‌లో పాఠం చెబుతుంటాడు. విదేశీ విద్యార్థులు ఎందరో ఉన్నారు కనుక స్పానిష్‌లో చెప్పవలసిందని ఇసబెల్ కోరుతుంది. ఆయన ఒప్పుకోడు. ఇది కతలోనియా, స్పానిష్ కావలసినవారు మాడ్రిడ్‌కో, దక్షిణ అమెరికాకో వెళ్లవచ్చునన్న ధోరణిలో సమాధానమిస్తాడు. విద్యార్థులు తెల్లబోతారు. చిత్రం వారి వైపే మొగ్గుతుంది.

యూరపు ఏకమవుతున్న వేళ ఒక ప్రాంతీయ భాషను పట్టుకొని వేలాడడం సంకుచితత్వమని ఆ దృశ్యం చూసినవారికి తోచవచ్చు. కాని మాతృభాషలో పరిపాలన కోసం, బోధన కోసం దశాబ్దాల పాటు వాదించిన తెలుగువారు ఆ ఆచార్యుడిని చూసి అంత సులభంగా నవ్వలేరు. ఆయన మాటలోని కటుత్వాన్ని మనం అంగీకరించకపోవచ్చు. అయితే ఆ ఊరిలోనే తన భాషకు తరగతి గది దొరకకపోతే మరెక్కడ దొరుకుతుందన్న ఆయన ప్రశ్న న్యాయమైనది. ఒకసారి ఫ్లాట్‌లోకి తిరిగి వెళ్లి చూద్దాము. గోడ మీది కాగితంలో ఇంటివారి భాషలున్నాయి. ఆ ఇల్లు ఏ ఊరిలో ఉన్నదో ఆ ఊరి భాష వారి కాపురంలో వినిపించదు. ఇంట్లో తమలో తాము ఇంగ్లీషు, స్పానిష్ కలిపి మాట్లాడుకొంటారు. లోపలివారందరూ పరస్పరం సమానులే. వారందరికీ నీడనిచ్చిన నగరం మాత్రం గుమ్మం బయటనే ఉండిపోయింది. అతిథి అన్న మాటను తాము వదిలించుకొన్నామని సంతోషించిన ఆ యువజనులు నిజానికి ఆ నగరానికి అతిథులేనన్న సంగతి చిత్రం గుర్తించినట్లు లేదు.

ఈ చర్చకు కొనసాగింపుగా ఒక కాఫీ హోటలులో జరిగే సంభాషణలో గాంబియా మూలాలున్న ఒక నల్లజాతి యువకుడు కనిపిస్తాడు. తాను గాంబియా వాడినీ, కతలోనియా వాడినీ కూడానని, రెండు గుర్తింపులు ఒకే మనిషిలో ఇమడడంలో వైరుధ్యం లేదని అతడు ప్రశాంతంగా చెబుతాడు. చిత్రమంతటిలో ఈ విషయంపై అత్యంత పరిణతి గల మాట అదే. ఆ మాట చెప్పిన యువకుడు మళ్లీ కనిపించడు. అతడికి ఆ ఫ్లాట్‌లో గది లేదు. తిండి, తగవు, ప్రేమ అన్నీ ఫ్లాట్‌లో ఉన్నవారివే. అతడి భాగానికి వచ్చింది ఒక అభిప్రాయం మాత్రమే.

దీనిని దర్శకుడి వ్యక్తిగత లోపంగా గాక, ఆయన ఎన్నుకొన్న వస్తువుకు ఉన్న హద్దుగా గ్రహించడం న్యాయం. ఆ ఇంటిలోని సమానత్వానికి ఒక పునాది ఉన్నది. అందరూ యూరోపియన్ యూనియన్ పౌరులు. వీసా కోసం నిరీక్షించినవారు లేరు. నివాస అనుమతి గడువు ముగుస్తుందన్న దిగులుతో నిద్ర మానుకొన్నవారు లేరు. ఇంటికి పంపవలసిన డబ్బు లెక్క కట్టుకొనేవారు లేరు. రిఫ్రిజిరేటరులో అరలు సమానంగా పంచుకోవడం సాధ్యమైంది, గుమ్మం దాటి వచ్చిన హక్కు కూడా సమానం కనుక. ఆ హక్కు ఎంత సున్నితమైనదో తరువాతి చరిత్ర చూపింది. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వీడాలని నిర్ణయించింది. 2020 ముగిసేసరికి ఎరాస్మస్ పథకం నుంచి కూడా వైదొలగింది. ఆ తరువాత సంవత్సరాలలో వెండీ వంటి అమ్మాయి అదే పథకం క్రింద ఆ ఇంటికి వచ్చి ఉండగలిగేది కాదు. నవ్వు పుట్టించడానికి కూర్చిన చిత్రం ఇరవై ఏళ్లలో ఒక చారిత్రక పత్రంగా మారింది. నేడు చూసేవారికి అందులో దర్శకుడు ఉద్దేశించని ఒక విషాదచ్ఛాయ కూడా కనిపిస్తుంది.

మన దేశపు మాట ఏమిటి? విశ్వమంతా ఒక గూడులో ఒదిగే చోటుగా విశ్వభారతిని 1921లో నెలకొల్పిన రవీంద్రుడి ఆదర్శం మనది. 1950లో ఏర్పడిన భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి వేతనాలతో ఎన్నో దేశాల విద్యార్థులు మన విశ్వవిద్యాలయాలలో చదువుకొంటూ వచ్చారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిసరాలలో ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల యువకులు కనబడడం నగరవాసులకు కొత్త కాదు. వేతనం ఇవ్వగలిగాము, సీటు ఇవ్వగలిగాము. ఇల్లు ఇవ్వడం దగ్గరకు వచ్చేసరికి మన చేతులు వెనుకాడుతున్నాయి. అద్దెకు వెళ్లినవారిని ఏ కులం, ఏ మతం, ఏమి తింటారు అని ముందుగా అడిగే గుమ్మాలు మన నగరాలలో మనవారికే తక్కువ కాదు. పరాయి దేశస్థుడికి, అందునా నల్లజాతి వాడికి అవి ఇంకెంత బిగుసుకొంటాయో చెప్పనక్కరలేదు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికన్ విద్యార్థులపై జరిగిన దాడులు దేశం తలవంచుకొనేలా చేశాయి. అనుమానం ఒక్కరోజులో పుట్టదు. ఒకే వీధిలో ఏళ్ల తరబడి నివసించినా ఒకరి వంటగదిలోకి మరొకరు అడుగు పెట్టనప్పుడు పుకారుకు బలం వస్తుంది.

మరొక వైపు, విదేశాలకు వెళ్లిన మన విద్యార్థులు. అమెరికా విశ్వవిద్యాలయ నగరాలలో మన పిల్లలు తరచు మన పిల్లలతోనే ఇల్లు పంచుకొంటారు. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. అద్దె కలిసివస్తుంది, వంట కలిసివస్తుంది, దిగులు వేసిన రాత్రి సొంత భాషలో మాట్లాడుకొనే తోడు ఉంటుంది. రొట్టె రెండవ ముక్క అడగడానికి సిగ్గుపడవలసిన అవసరం లేదు. కాని పార్వతీశం నవ్వులపాలైనా సరే ఎదుటివారి బల్ల దాకా వెళ్లాడు. అంత దూరం వెళ్లి కూడా ఆ బల్ల దాకా వెళ్లకుండానే చదువు ముగించుకొని రావడం నేడు సాధ్యమైంది. అవమానం తప్పింది, దానితో పాటు పరిచయమూ తప్పింది. ఈ లాభనష్టాల లెక్కను సూటిగా వేసిన కథలు, నవలలు మన భాషలో ఇంకా విరివిగా రావలసి ఉంది. మొక్కపాటి వారి హాస్యానికి వారసులు కావలసిన రచయితలు వస్తువు కోసం దూరం వెదకనక్కరలేదు. వంటగదిలో రిఫ్రిజిరేటరు తలుపు తెరిస్తే చాలు.

చిత్రం ముగింపు ప్రభుత్వోద్యోగులైన పాఠకులకు కొంత చురుక్కుమనిపించవచ్చు. పారిస్ తిరిగి వచ్చిన గ్జావియే ఏ కొలువు కోసం ఆ సంవత్సరమంతా స్పెయిన్‌లో గడిపాడో, ఆ కొలువులో చేరిన మొదటి రోజునే కార్యాలయం నుంచి పరుగెత్తి బయటపడతాడు. చిన్ననాటి కోరిక ప్రకారం రచయిత కావాలని నిశ్చయించుకొని ఈ కథ వ్రాయడం మొదలుపెడతాడు. తాను ఒక్కడు కాదని, ఆ ఇంటివారందరూ తానేనని, యూరపు వలె తానూ ఒక గందరగోళమని ప్రకటించుకొంటాడు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని ఈ ప్రకటన దగ్గర చిత్రం మళ్లీ పెద్ద మాటలలోకి జారిపోయింది. అందరూ నేనే అనడం సులభం. అందరిలో ఒక్కరి తల్లికి ఆమె భాషలో ఒక్క వాక్యం చెప్పడం కష్టం. ఆ కష్టమైన పనిని చిత్రం మధ్యభాగంలో చేసి చూపింది గనుకనే దాని ముగింపులోని తేలికదనాన్ని మన్నించవచ్చు.

మొత్తం మీద 'స్పెయిన్ సత్రం' గొప్ప చిత్రం కాదు, నిజాయితీ గల చిత్రం. వివిధ దేశాల మనుషులు ఒక కప్పు క్రింద కలిసి బతకడానికి పరస్పర ప్రేమ ముందుగా అవసరం లేదని, అడగడానికి సిగ్గుపడనక్కరలేని బల్ల ఒకటి, తగవు తీర్చుకొనే పద్ధతి ఒకటి, గోడ మీద ఒక కాగితం ఉంటే ప్రేమ తరువాత తనంతట తాను వస్తుందని అది చెబుతుంది. ఆ కాగితం మీద ఊరి భాషకు కూడా ఒక వరుస ఉండాలని, ఆ ఇంటిలో గాంబియా యువకుడికి కూడా ఒక గది ఉండాలని చెప్పవలసిన బాధ్యత దానిని చూసిన మనది. విదేశీ విద్యార్థుల సంక్షేమాన్ని గురించి ఆలోచించేవారు, వసతి గృహాల ప్రణాళికలు వేసేవారు ఈ చిత్రాన్ని ఒకసారి చూడడం ఉపయోగకరం. ఏ దేశం వారికి ఏ అంతస్తు కేటాయించాలన్న ఆలోచనతో పాటు, ఆ అంతస్తులన్నింటికీ కలిపి ఒక వంటగది ఎక్కడ కట్టాలన్న ఆలోచన కూడా అప్పుడు వారికి కలుగవచ్చు.